వాయిదాలు, గడువులు



గ్రామములలో పెద్దమనుష్యుల యెదుటకు వచ్చు ధనసంబంధమైన తగవులలో వడ్డీరేటును గూర్చిన తగవులు తక్కువ. రేటు పత్రములోనే వ్రాసియుండును. దానిని కాదనుట కష్టము. తగవు పుట్టుచోటు వేఱొకటి గలదు. "ఐదేండ్లకు కౌలు, ఉగాది ఉగాదికి చెల్లింపు" అని పత్రమున వ్రాయుదురు. కౌలుదారు ఐదు చెల్లింపులనును. భూమిగలవాడు మొదటి ఉగాది మొదలుకొని తుది ఉగాదివఱకు వ్రేళ్లు మడిచి, ఇవిగో ఆఱు ఉగాదులని చూపును. ఇరువురిలో ఒక్కడును అబద్ధమాడుట లేదు. ఇరువురి వ్రేళ్లును సరిగనే మడువబడినవి. ఒకడు లెక్కించినవి దినములు. రెండవవాడు లెక్కించినది ఆ దినముల నడుమ నున్న కాలము.

మన భాషలో ఈ రెండింటికిని వేఱువేఱు మాటలు మునుపే యున్నవి. వాయిదా యనునది ఒక దినము. గడువనునది ఒక దినమునుండి మఱొక దినమువఱకు నడచు కాలము. వాడుకలో ఈ మాటలు ఒకదానిచోట నొకటి దొర్లుచుండును గాని, ఈ ప్రసంగమునందు మాత్రము వాయిదా యన్న దినమే, గడువన్న నడిమి కాలమే యని గ్రహింప గోరుచున్నాను.

దొడ్డికి కంచె వేయువాని నడుగుడు. నూఱడుగుల పొడవున పదేసి యడుగుల కొక గుంజ నాటవలెనన్నచో వాడు పదునొకండు గుంజలు తెచ్చును. పది మాత్రమే తెచ్చినయెడల కడపటి సందు మూయుటకు ఆధారముండదు. గుంజలు పదునొకండు, సందులు పది. వాయిదాలు గుంజలు, గడువులు సందులు. అయితే కంచె దొడ్డిచుట్టును తిరిగివచ్చి మొదటి గుంజనే కలిసికొన్నపుడు గుంజలును సందులును సమానమగును. ఈ భేదము కూడ మఱువరాదు.

ఈ లెక్క మనకు క్రొత్తది కాదు. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి మొదలు దశమి వఱకు దినములు పది. వాని నడుమ రాత్రులు తొమ్మిది. ఒకే పండుగను దసరా యనియు నవరాత్రులనియు పిలుచుకొనుచు, పదికిని తొమ్మిదికిని పొత్తు కుదురలేదని యెవ్వరును కలహింపరు గదా. షష్టిపూర్తి మాట చూతము. 1927లో ప్రభవనామ సంవత్సరమున పుట్టినవానికి 1987లో మరల ప్రభవ వచ్చినది. ఆ రెండు ప్రభవలను చేర్చి లెక్కించిన అఱువదియొక్క సంవత్సరముల పేళ్లు వచ్చును. నడచిన వత్సరములు అఱువదియే. అందువలననే అఱువది నిండి అఱువదియొకటవ యేట కాలిడునపుడు ఆ ఉత్సవము చేయుదురు.

మఱొక విధమైన లెక్కయు మనకు కలదు. శిశువు పుట్టిన దినమే మొదటి దినముగా నెంచి పదునొకండవ దినమున పురుడు చేయుదురు. ఇది తప్పు లెక్క కాదు. శుద్ధికి దినములు కావలెను గావున దినములనే యెంచిరి. వడ్డీకి దినములతో పనిలేదు. వడ్డీ పెరుగునది సందులలోనే. రూపాయి ఏ దినమున చేతులు మాఱినదో ఆ దినమున దానికి వడ్డీ లేదు. ఆ దినమునుండి తరువాతి దినము వచ్చుసరికి ఒక దినపు వడ్డీ పుట్టును. పురుటి లెక్కను తెచ్చి అప్పుపత్రము మీద పెట్టినప్పుడే చిక్కు వచ్చుచున్నది.

ఈ చిక్కు పల్లెటూళ్లకే పరిమితమని తలపవలదు. రోమునగరమున జూలియస్ సీజరు క్రీస్తుపూర్వము 46వ సంవత్సరమున పంచాంగమును సంస్కరించి, నాలుగేండ్ల కొకసారి ఒక దినము అధికముగా చేర్పవలెనని శాసించెను. రెండేండ్లలోనే అతడు హతుడయ్యెను. అచ్చటి పురోహితులు మొదటి యేటిని, కడపటి యేటిని కూడ కలిపి లెక్కించు నలవాటుగలవారగుటచే, నాలుగవ యేడనుకొని మూడేండ్లకే అధికదినము చేర్పసాగిరి. ముప్పదియాఱేండ్లలో 9 దినములు చేర్పవలసియుండగా 12 చేర్చిరి. అగస్టసు చక్రవర్తి కొన్నియేండ్లు అధికదినమునే మానిపించి ఆ మూడు దినముల అప్పును తీర్పవలసివచ్చెను. సామ్రాజ్యపు పంచాంగకర్తలకే ఈ పొరపాటు తప్పలేదు.

ఇక లెక్కలోనికి వత్తము. బొగ్గుతో గోడమీదనైనను, పుల్లతో నేలమీదనైనను ఒక అడ్డగీత గీయుడు. ఎడమకొన వద్ద ఒక చిన్న నిలువుగీత పెట్టి దానిక్రింద సున్న వ్రాయుడు. అది నేటి దినము. దానికి కుడిప్రక్కన సమానమైన దూరములలో 1, 2, 3, 4, 5 అని గుఱుతులు పెట్టుడు. 1 అన్నది మొదటి సంవత్సరము కాదు, మొదటి సంవత్సరము నిండిన దినము. మొదటి సంవత్సరమన్నది సున్నకును ఒకటికిని నడుమనున్న ఖాళీ. నా యెఱుకలో తగవులు తెచ్చునదెల్ల ఈ భేదమే. "రెండవ సంవత్సరపు ఆదియందు" అని యొకరు వ్రాయుదురు, "మొదటి సంవత్సరాంతమున" అని మఱొకరు వ్రాయుదురు. గీతమీద ఆ రెండును ఒకే గుఱుతు. రెండింటికిని 1 అనియే పేరు. "రెండవ సంవత్సరమున చెల్లింపవలెను" అని మాత్రమే వ్రాసినచో ఆది యెక్కడ, అంతమెక్కడ? అట్టి పత్రము సంతకము కాకమునుపే పాడైనదనవచ్చును.

ఈ భేదము ఎంత ధనమును కదల్చునో చూతము. ఒక పొలమును ఐదేండ్లకు సాలుకు 10,000 రూపాయల వంతున కౌలుకిచ్చిరనుకొందము. రూపాయికి కాలవ్యత్యాసమువలన కలుగు విలువను నూటికి సాలుకు 10 రూపాయల చొప్పున చక్రవడ్డీగా కట్టుదము. సాలుతుదిని చెల్లించుటకు ఒప్పుకొన్నచో చెల్లింపులు 1, 2, 3, 4, 5 గుఱుతులమీద పడును. ఒక యేడాది తరువాత వచ్చు 10,000 నేటికి 9,091. రెండేండ్ల తరువాతది 8,264. మూడవది 7,513, నాలుగవది 6,830, ఐదవది 6,209. పైసలుకూడ కలిపి మొత్తము నేటి విలువ 37,908 రూపాయలు. అదే కౌలు సాలు మొదటనే చెల్లించుటకు ఒప్పుకొన్నచో చెల్లింపులు 0, 1, 2, 3, 4 గుఱుతులమీద పడును. మొత్తము 41,699. చెల్లింపులు రెండింటను ఐదే, రూపాయలు రెండింటను ఏబదివేలే. భేదము 3,791 రూపాయలు. ఈ భేదము ఎచ్చటనుండి వచ్చినదన, 37,908 రూపాయలకు ఒక యేటి వడ్డీ అది. ప్రతి చెల్లింపును ఒక సందు ముందునకు జరిగినది గనుక మొత్తమంతకును ఒక్క సందు వడ్డీ కలిసినది. సున్న గుఱుతుమీద పడిన చెల్లింపునకు వడ్డీ తగ్గింపు లేదని మఱచి, దానికిని ఒక యేడు తగ్గించుట వ్రాయసగాండ్రు సాధారణముగా చేయు పని.

ఇంతకంటె కఠినమైన తావు వేఱొకటి గలదు. అన్నదమ్ములు ఇరువురు పంచుకొనుచున్నారు. క్రొత్తగా అంటుమామిడి నాటిన తోట యొకటి గలదు. అన్న తోటను తాను పుచ్చుకొని, దాని విలువలో సగము తమ్మునికి రొక్కముగా నీయవలెనని పెద్దలు తీర్చిరి. మొదటి కాపు ఐదవ యేటి తుదిని చేతికి వచ్చునని, ఖర్చులు పోగా యేటికి 20,000 రూపాయలు మిగులునని, అట్టి పది కాపులను మాత్రమే లెక్కలోనికి గొందమని యొప్పుకొనిరి. వడ్డీ మునుపటివలెనే నూటికి పది.

మొదటి ప్రశ్న. కడపటి కాపు ఎన్నవ గుఱుతుమీద? ఐదునకు పది చేర్చి పదునైదని కొందఱందురు. కాదు. ఐదవ గుఱుతు మొదటి కాపే గదా. దానిని విడిచి ఇంక తొమ్మిది కావలెను. కావున కడపటిది 14వ గుఱుతుమీద పడును. తిరుగ వేసి చూచువారు 14లో 5 తీసివేసి కాపులు తొమ్మిదే యనవచ్చును. అదియు కాదు. తీసివేత సందులను చెప్పును, గుంజలు కావలెనన్న ఒకటి కలుపవలెను.

రెండవ ప్రశ్న యింకను మెలికగలది. సాలుకొక చెల్లింపు చొప్పున పది చెల్లింపుల విలువను చెప్పు పట్టికలు అచ్చులో దొరకును. నూటికి పదివంతున సాలుతుది చెల్లింపులు పదింటికి ఆ పట్టికలోని అంకె 6.1446. దానిచే 20,000ను హెచ్చింపగా 1,22,891 రూపాయలు వచ్చును. ఈ మొత్తము ఏ దినపు విలువ? మొదటి కాపు వచ్చు దినపుదని పెక్కుమంది యనుకొందురు. కాదు. ఆ పట్టికలో మొదటి చెల్లింపునకును ఒక సందు తగ్గింపు మునుపే చేసియున్నారు. అందుచే ఆ మొత్తము నిలుచు చోటు మొదటి చెల్లింపునకు ఒక సందు వెనుక, అనగా నాలుగవ గుఱుతుమీద. అచ్చటినుండి నేటికి తెచ్చుటకు నాలుగు సందులు దాటవలెను, ఐదు కాదు. నాలుగేండ్లకు తగ్గింపగా 83,936 రూపాయలు వచ్చును. పొరపాటున ఐదేండ్లకు తగ్గించినచో 76,306 మాత్రమే. తమ్మునికి రావలసిన సగము 41,968కి మాఱుగా 38,153 వచ్చును. కలహము లేకయే, ఎవరికిని దురుద్దేశము లేకయే 3,815 రూపాయలు ఒకరి చేతినుండి మఱొకరి చేతికి జాఱిపోయినవి. తమ్ముడు మోసమనును, అన్న పట్టికను చూపును. పట్టికయందు తప్పు లేదు, దానిని నిలిపిన చోటున నున్నది తప్పు.

సందేహమున్నచో వేఱొక త్రోవను పరీక్షింపవచ్చును. పది కాపులను ఐదవ గుఱుతుమీదనే నిలిపి విలువ కట్టుడు, మొదటిదానికి తగ్గింపు లేకుండ. అపుడు 1,35,180 వచ్చును. దానిని ఐదు సందులు వెనుకకు తెచ్చిన మరల 83,936 వచ్చును. రెండు త్రోవలును ఒక్క చోటికే చేరినపుడు లెక్కను నమ్మవచ్చును. గీత గీయనివారికి ఈ పరీక్షయే తోచదు.

వడ్డీలెక్కలు మనవారికి చిరకాల పరిచితములు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమున వడ్డీలెక్కలకు చోటు గలదు. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్కచేయు విద్య మనకు కొఱతపడలేదు. ఎచ్చటనుండి యెచ్చటికి లెక్కింపవలెనో పత్రమున వ్రాయుటయందే కొఱత.

ఆడుబిడ్డల పేర ధనము కూడబెట్టుటకు 2015లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సుకన్య సమృద్ధి ఖాతాను మీలో పెక్కుమంది యెఱుగుదురు. ఖాతా తెఱచినది మొదలు పదునైదేండ్లు ధనము కట్టవచ్చును. తెఱచిన దినమునుండి ఇరువదియొక్క యేండ్లకు అది పండును. తెఱచిన దినముననే మొదటి సొమ్ము వేసి, యేటేట ఆ తేదీనే పదునైదుసారులు వేసినచో, పదునైదవది పడునది 14వ గుఱుతుమీద. అది ఖాతాలో నుండునది ఆఱేండ్లు కాదు, ఏడేండ్లు. ఇంకొక సూక్ష్మము. ఈ ఖాతాకు నెల వడ్డీని, ఆ నెల అయిదవ తేదీ ముగిసినప్పటినుండి నెలాఖరువఱకు నున్న నిలువలలో అన్నిటికంటె తక్కువదానిమీద కట్టుదురు. అయిదవ తేదీలోపల వేసిన సొమ్మునకు ఆ నెల సందు దక్కును. ఆఱవ తేదీన వేసినదానికి దక్కదు. ఏప్రిలు నెలలో తపాలా కార్యాలయమునకు పోదలచినవారు ఒక్క దినము వెనుకాడిన నెల వడ్డీ పోగొట్టుకొందురు.

ఇపుడు ప్రోనోటు మాట. అడిగినపుడు చెల్లింతునని వ్రాసిన సాధారణపు ప్రోనోటుమీద దావా వేయుటకు 1963వ సంవత్సరపు లిమిటేషను చట్టము ప్రకారము మూడేండ్ల గడువు. నోటు వ్రాసిన తేదీనుండి ఆ గడువు నడచును. ఆ తేదీని మాత్రము లెక్కనుండి తీసివేయవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. అనగా సున్న గుఱుతును లెక్కింపరాదు. ఒక యేటి జూలై 10వ తేదీన వ్రాసిన నోటునకు కడపటి దినము మూడేండ్ల తరువాతి జూలై 10వ తేదీ. పురుటి లెక్క ప్రకారము 9వ తేదీతోనే తీఱిపోయినదని నిరాశ చెందిన ఋణదాత తన ధనమును తానే వదలుకొన్నట్లగును. 11వ తేదీకి పోయినవాడు, 10వ తేదీన కోర్టునకు సెలవుండిననే తప్ప, ఆలసించినవాడే. గడువు తీఱకమునుపు అప్పుతీసికొన్నవాడు కొంత సొమ్ము చెల్లించి, నోటువెనుక తన చేవ్రాతతోగాని, సంతకముతోగాని చెల్లు వ్రాసినచో, ఆ చెల్లు దినము క్రొత్త సున్న గుఱుతగును. అచ్చటినుండి మరల మూడేండ్లు నడచును. చెల్లు వ్రాయక చేతికిచ్చిన రూపాయలకు ఈ బలము లేదు.

ప్రోనోటును వైశాఖ శుద్ధ తదియ యని తెలుగు తిథితో వ్రాసినను, ఈ చట్టపు లెక్కకు అది ఇంగ్లీషు కాలెండరు ప్రకారము వ్రాసినట్లే భావింపబడును. ఇది చిన్న సంగతి కాదు. నేను పైని ఉగాదినుండి ఉగాదికి సందులన్నియు సమానములని గైకొంటిని. వాస్తవమున అట్లు కావు. శోభకృత్ ఉగాది 2023 మార్చి 22వ తేదీన వచ్చినది. ఆ యేట అధిక శ్రావణము పడుటచే తరువాతి క్రోధి ఉగాది 2024 ఏప్రిలు 9వ తేదీ గాని రాలేదు. ఆ సంవత్సరమున దినములు 384. క్రోధినుండి విశ్వావసు ఉగాది, అనగా 2025 మార్చి 30వ తేదీ వఱకు దినములు 355 మాత్రమే. ఒకే కౌలుపత్రము, ఒకే "సాలు", ఇరువదితొమ్మిది దినముల భేదము. లక్షరూపాయల అప్పునకు సాలుకు 12 వంతున ఇరువదితొమ్మిది దినముల వడ్డీ దాదాపు 953 రూపాయలు. అధికమాసములు పందొమ్మిదేండ్లలో ఏడు వచ్చును. తెలుగునెలలచొప్పున నెలవడ్డీ కట్టువాడు ఆ ఏడింటికిని వడ్డీ పుచ్చుకొనునా, మానునా యన్నది నోటులో లేకున్న, మూడేండ్ల అప్పునకే ఒక నెల తగవు సిద్ధముగా నుండును. అధికమాసమున శుభకార్యములు లేవుగదా, వడ్డీకూడ లేదని వాదించువారిమీద నాకు కొంత ప్రీతియే కలదు గాని, కోర్టు వారిని మన్నింపదు.

రేటునకును సందునకును కొలత ఒక్కటే కావలెను. "నూటికి రూపాయి" యన్నది నెల రేటు. దానికి తగిన సందు నెల. నెలనెలకు వడ్డీ చెల్లించుచున్నచో సాలుకు 12 అనుటలో దోషము లేదు. చెల్లింపక వడ్డీకి వడ్డీ నెలనెలకు చేరుచున్నచో సాలు తిరుగుసరికి నూటికి 12 రూపాయల 68 పైసలగును. సాలు గుఱుతులు పెట్టిన గీతమీద నెల రేటును వేయరాదు.

చీటీపాటల మాటయు కొందఱు తెలియగోరుదురు. ఇరువదిమంది సభ్యులు, ఇరువది నెలలు, నెలకు 5,000. "ఇరువది నెలలు నా సొమ్ము నిలిచినది" అని కడపటి సభ్యుడనును. గీత గీచిచూడుడు. మొదటి వాయిదానుండి కడపటి వాయిదావఱకు సందులు పందొమ్మిదియే. అతని మొదటి 5,000 పందొమ్మిది నెలలు నిలిచినది, రెండవది పదునెనిమిది, ఇట్లు తగ్గుచు వచ్చి, కడపటి వాయిదానాడే మొత్తము చేతికి వచ్చినచో ఆనాటి 5,000 ఒక్క దినమైనను నిలువలేదు. ఈ నెలలన్నియు కూడిన 190. నూటికి రూపాయి బారువడ్డీన 5,000కు నెలకు 50 రూపాయలు గావున, అతడు వదలుకొన్న వడ్డీ 9,500 రూపాయలు. మొదటిదానికి ఇరువది నెలలు, కడపటిదానికి ఒక నెల వంతున కట్టువారు 210 నెలలకు 10,500 అందురు. వేయి రూపాయలు గాలిలోనుండి పుట్టినవి. పాటల తగ్గింపులవలన అతనికి మిగిలినది 9,500 రూపాయలను దాటినదా లేదా యని చూచుకొన్నపుడే ఆ చీటీ అతనికి లాభించినదో లేదో తేలును.